నీళ్లకంటే ముందు ఖబర్ రావాలి

2005 అక్టోబర్ 29. రంజాన్ చివరి అష్రా నడుస్తోంది. దీపావళికి రెండు మూడు రోజులు, ఈద్‌కు వారం. నల్లగొండ జిల్లాలో అంతకుముందు నుంచీ ఒకటే వాన. సెహ్రీకి ఇళ్లల్లో పొయ్యిలు ముట్టించే వేళ, రేపల్లె నుంచి సికింద్రాబాద్ పోయే డెల్టా ఫాస్ట్ ప్యాసింజర్ రామన్నపేట దాటి వలిగొండ వైపు వస్తోంది. ఆ రెండు స్టేషన్ల నడుమ ఒక చిన్న వంతెన. పైన చెరువు తెగి, ఆ నీళ్లు ఒక్కసారిగా వచ్చి వంతెననూ, కింది మట్టినీ ఎత్తుకుపోయాయి. పట్టాలు మాత్రం గాల్లో వేలాడుతూ మిగిలాయి. ఇంజన్ డ్రైవర్‌కు ఆ చీకట్లో పట్టాలే కనబడతాయి తప్ప పట్టాల కింద నేల లేదన్న సంగతి కనబడదు. 114 మంది చనిపోయారు. గాయపడినవాళ్లు రెండు వందల పైనే.

ఆ సాయంత్రమే ఢిల్లీలో సరోజినీ నగర్, పహాడ్‌గంజ్ బాజార్లలో బాంబులు పేలాయి. మరుసటి రోజు దేశం పేపర్లన్నీ అటు తిరిగాయి. వలిగొండ మయ్యత్‌లు లోపలి పేజీలకు వెళ్లిపోయాయి. ఈ రోజు మన పిల్లల్ని అడిగితే వలిగొండ రైలు పేరు విన్నవాళ్లు తక్కువ. అందుకే దీన్ని తవారీఖ్‌లా రాయాలనిపించింది. ఏడవడానికి కాదు. ఆ తెల్లవారుజామున ఏ ఖబర్, ఎవరి నుంచి, ఎవరికి చేరాల్సి ఉండింది, ఎందుకు చేరలేదు అన్నది మన ఇలాఖాలో వందేళ్లకు పైగా నడుస్తున్న ఒక పెద్ద సవాల్. ఆ సవాల్‌కు జవాబ్ వెతకడమే నౌకరీగా చేసేవాళ్లు ఇప్పుడు ఉన్నారు. కలెక్టరేట్లలో, ఫైర్ స్టేషన్లలో, రైల్వే దఫ్తర్లలో కూర్చుని, రాబోయే ముసీబత్‌ను ముందే కాగితం మీద ఊహించే పని వాళ్లది. విపత్తు ప్రణాళిక అని సర్కారీ తెలుగులో అంటారు. మన పాత మాటైతే బందోబస్తు.

బందోబస్తు అనగానే ఇప్పుడు మనకు పోలీసులే యాదికొస్తారు. గణేశ్ నిమజ్జనం బందోబస్తు, ఎలక్షన్ బందోబస్తు. అసలు ఫార్సీలో ‘బంద్’ అన్నా ‘బస్త్’ అన్నా కట్టడమే. రెండు సార్లు గట్టిగా కట్టడం. హదీసులో ఒంటె కిస్సా మనందరికీ తెలిసిందే: ఒంటెను కట్టేయాలా, అల్లాహ్ మీద తవక్కుల్ చేసి వదిలేయాలా అని ఒక సహాబీ అడిగితే, ముందు కట్టెయ్యి, ఆ తర్వాత తవక్కుల్ చెయ్యి అన్న తాత్పర్యంలో ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం జవాబిచ్చారు. చెరువు కట్టను తెలుగులో ‘కట్ట’ అనే అంటాం కదా. రెండు భాషల్లోనూ మాట ఒకే దగ్గరికి వచ్చి కలుస్తుంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ కరువు జిల్లాలుగానే పేరు పడ్డాయి. ఒకచోట ఫ్లోరైడ్ నీళ్లు, ఇంకోచోట బొంబాయి దాకా వలసపోయిన పాలమూరు లేబర్. ఇక్కడ నీళ్లలో మునిగి చావడమేంటి అని బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. సంగతేంటంటే, కరువు నేల కాబట్టే ఇక్కడ ఇన్ని చెరువులు తవ్వారు. రాతి నేల, పల్చటి మన్ను, వాన నాలుగు రోజుల్లో పడి వెళ్లిపోతుంది. దాన్ని ఆపడానికి కాకతీయుల కాలం నుంచి ఆసఫ్ జాహీల దాకా వాగు మీద వాగు, చెరువు కింద చెరువు కట్టుకుంటూ వచ్చారు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతుంది, అది దుంకితే ఇంకా కిందిది. గొలుసుకట్టు చెరువులు అన్నది అందుకే. మామూలు ఏడాదిలో ఈ గొలుసు రహమత్. కానీ గొలుసులో పై చెరువు తెగిందంటే దాని నీళ్లన్నీ ఒక్క గంటలో రెండోదాని మీద పడతాయి. అది తన నీళ్లు కూడా కలుపుకొని మూడోదాని మీదికి పోతుంది. వాన ఎంత పడిందన్న లెక్క అప్పటికి బేకార్ అయిపోతుంది.

ఈ సంగతి మొదటిసారి లెక్కలతో బయటపడింది 1908లో. ఆ ఏడాది సెప్టెంబర్ 28 నాటి మూసీ తుగ్యానీ గురించి హైదరాబాద్ ఖాందాన్లలో తెలియని ఇల్లు ఉండదు. అది కూడా రంజాన్‌లోనే, చాంద్ కనబడిన తొలి రోజుల్లోనే. (చంద్రమాన నెలలు తిరుగుతూనే ఉంటాయి, ఇందులో వేరే మతలబ్ వెతకనక్కర్లేదు. కానీ 1908, 2005 రెండూ రంజాన్‌లోనే పడటం గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది.) తుగ్యానీ అంటే హద్దు దాటిపోవడం, ‘తాగూత్’ వచ్చిన మూలం నుంచే వచ్చిన మాట. పదిహేను వేల మంది పోయారని అంచనా. రుబాయీల షాయర్ అమ్జద్ హైదరాబాదీ తన తల్లినీ, బీవీనీ, బిడ్డనూ ఆ రాత్రి పోగొట్టుకొని తానొక్కడే మిగిలారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా దవాఖానా ఆవరణలో ఉంది.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మూసీ ఒడ్డుకొచ్చి నదికి హారతి ఇచ్చాడని ఒక కిస్సా చెప్పుకుంటారు. పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరొచ్చింది ఈయన పేరు మీదే, 1890లో. హారతి కిస్సా మీద జనానికి మోజు ఎక్కువ. నాకైతే దానికంటే ఆ మరుసటి ఏడాది ఆయన సర్కార్ చేసిన పని మీద మోజు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి, ఈ తుగ్యానీ ఎందుకొచ్చింది, మళ్లీ రాకుండా ఏం చేయాలి అని అడిగారు. ఆయన శంషాబాద్ దగ్గర వాన లెక్క తీశారు: 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు. అంత వాన పడితే ఏ ఊరైనా మునుగుతుందని అక్కడితో ఆగిపోలేదు. పైన ఉన్న చెరువుల లెక్క తీశారు. మూసీ పరీవాహకంలో 788 చెరువులు. దాదాపు చదరపు మైలుకు ఒకటి. వాటిలో 221 చెరువులు ఆ వానలో తెగాయి. పట్నం మీద పడింది ఉత్త వాననీళ్లు కాదు, తెగిన చెరువుల నీళ్లు కూడా అని తేల్చారు.

ఆ నివేదిక ఫలితమే ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927). నీళ్లు తాగడానికి కట్టారనే చాలామంది అనుకుంటారు. వరద ఆపడానికి కట్టినవి. తాగునీరు తర్వాతి ఫాయిదా. వరదను ఆపే జలాశయంలో వానాకాలంలో కొంత ఖాళీ ఉంచాలి, తాగునీటి జలాశయాన్ని నిండుగా ఉంచాలి. ఒకే చెరువుతో రెండు పనులూ చేయించాలంటే గేట్ల దగ్గర కూర్చున్న ఇంజనీర్‌కు ఎప్పుడూ పరేషానే.

మన తవారీఖ్ పుస్తకాలు 1908 కథను చాదర్‌ఘాట్ దగ్గరే ఆపేస్తాయి. మూసీ మాత్రం అక్కడ ఆగదు. పట్నం దాటి బీబీనగర్, వలిగొండ పక్కల నుంచి, సూర్యాపేట పక్క సోలిపేట మీదుగా వాడపల్లి దాకా పోయి కృష్ణలో కలుస్తుంది. పట్నంలో గేట్లెత్తితే ఆ నీళ్లు వచ్చేది నల్లగొండకే. పట్నం బందోబస్తుకు ఇద్దరు మహానుభావులూ రెండు సాగర్లూ దొరికాయి. కింది ఊళ్లకు చాలా ఏళ్ల దాకా దొరికింది నీరడి, శేత్‌సింధీ మాత్రమే.

ఈ ఇద్దరి గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఎందుకంటే ఖబర్ అసలు కథ వీళ్లదే. నీరడి అంటే చెరువు చూసుకునేవాడు. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంత నీళ్లు పారాలో చూడటం, వానాకాలం రాత్రి లాంతరు పట్టుకొని కట్ట మీద తిరగడం. కట్టలో ఎక్కడ తేమ ఊరుతోందో, ఎలుక బొక్కలోంచి బురద నీళ్లు వస్తున్నాయా, తేట నీళ్లు వస్తున్నాయా అన్నది వాడికి చూపుతోనే తెలుస్తుంది. తేట నీళ్లు ఊరితే ఫికర్ లేదు, బురద నీళ్లు వస్తే కట్ట లోపల మన్ను కదులుతున్నట్టు. అప్పుడు ఊళ్లోకి ఉరికి చెప్పాలి. శేత్‌సింధీ ఊరి కావలి. పోలీస్ పటేల్ మాట పట్టుకొని పక్క ఊరికి, తాలూకా కచేరికి ఉరకడం అతని పని. ఇవాళ మనం ‘ముందస్తు హెచ్చరిక వ్యవస్థ’ అని పెద్ద పేరు పెట్టుకున్నదాన్ని ఆ రోజుల్లో ఈ ఇద్దరు మనుషుల కాళ్లు నడిపాయి.

పాత రోజులు బంగారం అని నేనట్లేదు. ఆ కాళ్లు చాలాసార్లు వెట్టి కాళ్లు. కింది కులాల మనిషిని అర్ధరాత్రి వానలో కట్ట మీద నిలబెట్టి, పొద్దున దొర గడీలో కూడా పని చేయించుకున్న నిజాం ముల్కీ ఇంతెజాం అది. కాబట్టే 1984లో ఎన్టీఆర్ సర్కార్ పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసినప్పుడు మన ఊళ్లల్లో ఖుషీ అయ్యారు. అయ్యాక కూడా నీరడి, కావలి పనులు గ్రామ సేవకుల పేరుతో ఏదో రూపంలో మిగిలాయి. 2020లో తెలంగాణ సర్కార్ వీఆర్వో పోస్టులను తీసేసింది. 2023లో వీఆర్ఏలను వేరే శాఖల్లో సర్దింది. ఒక్కొక్క ఫైసలాకు ఒక్కొక్క వజాహత్ ఉంది. భూముల కాగితాల్లో అవినీతి పోవాలన్నది పెద్ద వజాహత్. కానీ ప్రతిసారీ పోస్టు పోయినప్పుడు రాత్రిపూట కట్ట మీద తిరిగే పని ఎవరి జిమ్మాలోకి పోయిందన్నది అడిగినవాళ్లు తక్కువ. భూమి కాగితం పనికి కొత్త దఫ్తర్ వచ్చింది. కట్ట మీద లాంతరుకు రాలేదు.

రైల్వే వైపు నుంచి చూస్తే ఇదే కథ ఇంకోలా కనబడుతుంది. వంతెనలు కొట్టుకుపోయి రైళ్లు పడటం ఈ ఇలాఖాకు వలిగొండతో మొదలవలేదు. 1954 సెప్టెంబర్ చివర్లో జనగామ దగ్గర యశ్వంతాపూర్ వాగులో రైలు పడి వందమందికి పైగా పోయారు. సాయుధ పోరాట కాలంలో జనగామ నల్లగొండ జిల్లా తాలూకానే అన్నది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. రెండేళ్లు తిరగకముందే 1956 సెప్టెంబర్ 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ల నడుమ వాన రాత్రి వంతెన కూలి మళ్లీ వందకు పైగా మయ్యత్‌లు. హైదరాబాద్ స్టేట్‌కు అవి చివరి రెండు నెలలు. నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి ఇస్తీఫా ఇచ్చారు, నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబర్ 23న తమిళనాడులోని అరియలూరు దగ్గర అదే తరహాలో వరదకు వంతెన పోయి నూట నలభై మందికి పైగా చనిపోయారు. ఈసారి ఇస్తీఫా మంజూరైంది.

శాస్త్రి ఇస్తీఫా కథ మన దేశంలో ప్రతి రైలు ప్రమాదానికీ బయటకొస్తుంది. స్కూల్ పుస్తకాల్లో ఉంది, టీవీ చర్చల్లో ఉంది. ఆయన ఈమాన్‌దారీ మీద నాకు పూర్తి ఎహతెరామ్ ఉంది. కానీ ఆ కథ చెప్పినప్పుడల్లా అరియలూరు పేరు వస్తుంది, మహబూబ్‌నగర్ పేరు ఒక్క ముక్కలో వెళ్లిపోతుంది, ఆ వంతెన పైన ఏ చెరువు ఉండింది, దాని కట్ట ఎవరు చూశారు అన్నది అసలే రాదు. మంత్రి కుర్సీ వదిలితే అఖ్లాఖ్ నిలబడుతుంది. వంతెన నిలబడాలంటే వేరే పని కావాలి.

ఆ వేరే పని పేరు రైల్వే కాగితాల్లో ఉంది. తెగితే పట్టాలకు ముప్పు తెచ్చే చెరువులు, కాలువలు, కట్టలకు ఒక జాబితా ఉంటుంది. రైల్వే ఇంజనీర్లూ, సర్కార్ నీటిపారుదల ఇంజనీర్లూ ఏటా వానలకు ముందు కలిసి పోయి ఆ చెరువులు చూడాలి. కట్ట బాగుందా, మత్తడి సాఫ్‌గా ఉందా, మరమ్మతు ఎవరు చేయించాలి అని రాసుకోవాలి. వానాకాలం రాత్రుళ్లు గ్యాంగ్‌మన్ లాంతరు, ఎర్ర లైటు, పటాకులు పట్టుకొని పట్టాల మీద గస్తీ తిరగాలి. మరీ నాజూకు జాగాల్లో కావలివాడు కదలకుండా కూర్చోవాలి. ఇంతెజాం బాగానే ఉంది. దీనిలో కంజోరీ ఎక్కడంటే, చెరువు ఒకరిది, పట్టా ఒకరిది. రెండు సర్కార్లు, రెండు ఫైళ్లు, రెండు ఫోన్ నంబర్ల బుక్కులు.

ఇంకొక సంగతి. వలిగొండ మీదుగా పోయే బీబీనగర్–నడికుడి లైన్ నిజాం కాలంది కాదు, స్వతంత్రం వచ్చాక వేసింది. చెరువులేమో వందల ఏళ్ల కిందివి. అంటే పట్టాలు వేసినప్పుడే, ఈ వాగు పైన ఎన్ని చెరువులున్నాయి, పై చెరువు తెగితే ఈ చిన్న వంతెన కింది నుంచి ఎన్ని నీళ్లు పోవాలి అన్న హిసాబ్ వేసుకోవాలి. వంతెన వెడల్పును వాన లెక్కతో గీస్తారు. విశ్వేశ్వరయ్య 1909లోనే చెప్పింది, ఇక్కడ వాన లెక్క ఒక్కటే చాలదు, చెరువుల లెక్క కూడా కావాలని.

వలిగొండ తర్వాత రెండు నెలలు కాకముందే, 2005 డిసెంబర్‌లో, పార్లమెంట్ విపత్తు నిర్వహణ చట్టం చేసింది. అది వలిగొండ వల్ల వచ్చింది కాదు. 2004 సునామీ దాని వెనుక ఉంది. కానీ ఆ చట్టంతోనే ప్రతి జిల్లాలో కలెక్టర్ సదర్‌గా ఒక అథారిటీ, జిల్లా పరిషత్ అధ్యక్షులు దానికి సహాధ్యక్షులు, ప్రతి జిల్లాకు ఒక రాతపూర్వక ప్లాన్ అన్నవి కానూనులోకి వచ్చాయి. ఏ ఊరికి ఏ ముప్పుంది, ముప్పు రాకుండా ఏం చేయాలి, వస్తే ఎవరు ఏం చేయాలి, ఖబర్ ఎట్లా పోవాలి అన్నది ఆ ప్లాన్‌లో ఉండాలి. మరుసటి ఏడాది ఎన్డీఆర్ఎఫ్ తయారైంది. దాని బెటాలియన్ మనకు దగ్గర్లో ఉండేది విజయవాడ వైపు. అక్కడి నుంచి నారింజ రంగు డ్రెస్సుల జవాన్లు చేరేసరికి తొలి రెండు మూడు గంటలు గడిచిపోతాయి. ఆ గంటల్లో తాడు వేసేదీ, పీట మీద మయ్యత్ మోసేదీ ఎప్పుడూ పక్క ఊరి జనమే. వలిగొండలోనూ అంతే.

ఈ ప్లాన్ రాసేవాళ్ల పని బయటికి కనబడదు. ముసీబత్ రాకపోతే వాళ్లు ఏం చేశారని ఎవరికీ తెలియదు. వస్తే మాత్రం వాళ్ల ప్లాన్ బయటికి తీసి అడుగుతారు. హజ్రత్ యూసుఫ్ అలైహిస్సలాం ఏడేళ్ల పంటను వెన్నులతోనే దాయించిన కిస్సాలో మనం ఖ్వాబ్ తాబీర్ మీద బయాన్లు చాలా విన్నాం. ఆ ఏడేళ్లు గోదాముల లెక్క చూడటం, కొట్లకు మనుషుల్ని పెట్టడం మీద ఒక్క ఖుత్బా విన్న యాది లేదు. ఖలీఫా హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు షామ్‌కు పోతూ సర్గ్ దగ్గర తాఊన్ ఖబర్ విని లష్కర్‌ను వెనక్కి తిప్పినప్పుడు, తఖ్దీర్ నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా అడిగారు. అల్లాహ్ ఒక తఖ్దీర్ నుంచి అల్లాహ్ ఇంకో తఖ్దీర్‌కే పోతున్నాం అన్నది ఆయన జవాబు సారాంశం. ఖబర్ ముందు వచ్చింది, దాని మీద అమల్ జరిగింది. ఆ కిస్సాలో నాకు కనబడే ఖాస్ సంగతి అదే.

ఖబర్ వచ్చినా అమల్ జరగని కిస్సాలు కూడా దునియాలో ఉన్నాయి. అమెరికాలోని జాన్స్‌టౌన్ పైన 1889 మే 31న డ్యామ్ తెగింది. డ్యామ్ తెగుతుందని ఆ రోజు టెలిగ్రాఫ్ మీద ఖబర్ కిందికి పోయింది. అంతకుముందు చాలాసార్లు ఇట్లాగే అన్నారు, ఏం కాలేదు కదా అని జనం పట్టించుకోలేదు. రెండు వేల రెండు వందల మంది పోయారు. గుజరాత్‌లోని మోర్బీ మీద 1979 ఆగస్టు 11న మచ్చు డ్యామ్ తెగినప్పుడైతే కింది ఊరికి ముందు ఖబరే అందలేదు. ఖబర్ చేరకపోవడం ఒక జబ్బు, చేరిన ఖబర్‌ను నమ్మకపోవడం ఇంకో జబ్బు. రెండోదానికి మందు కష్టం. ప్రతి వానకూ సైరన్ మోగిస్తే మూడో సారికి ఎవరూ లేవరు.

2009 పాలమూరుకు ఇంకో సబఖ్. ఆగస్టు దాకా వానల్లేవు, రాష్ట్రంలో చాలా మండలాలను కరువు మండలాలని ప్రకటించారు. వైఎస్ ఇంతెఖాల్ చేసి నెల, రోశయ్య కొత్తగా కుర్సీ ఎక్కారు. అక్టోబర్ 2న కృష్ణా, తుంగభద్ర రెండూ ఒక్కసారి లేచాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వచ్చింది. ఆ డ్యామ్ కట్టేటప్పుడు ఊహించిన వరదకంటే చాలా ఎక్కువ. కర్నూలు మునిగింది. మన వైపు అలంపూర్ మునిగింది. జోగులాంబ గుడి, షా అలీ పహిల్వాన్ దర్గా ఉన్న ఆ కస్బా, చుట్టూ కట్ట ఉండి కూడా మునిగింది. తుంగభద్ర ఒడ్డున రాజోలి నేతగాళ్ల ఇళ్లు, మగ్గాలు పోయాయి. కరువు సర్వేకు తిరుగుతున్న అమలానే రాత్రికి రాత్రి పడవల కోసం తిరగాల్సి వచ్చింది. కాగితం మీద కరువుకు ఒక ఫైలు, వరదకు ఒక ఫైలు ఉంటాయి. ఈ నేల మీద రెండూ ఒకే ఏడాది, ఒకే ఊరికి రాగలవు. ఆ వరదను కింద నాగార్జునసాగర్ చాలావరకు పట్టుకొని విజయవాడను కాపాడింది. సాగర్ అంతకుముందు ఖాళీగా ఉండటం అక్కడ నేమత్ అయింది. కరువు చేసిన ఒక్క మేలు అదే.

నీళ్లు కాని ముసీబత్‌లు కూడా ఈ జిల్లాల ప్లాన్‌లో ఉండాలి. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున కొత్తకోట దగ్గర పాలెంలో బెంగళూరు నుంచి వస్తున్న ఏసీ బస్సు కల్వర్టును గుద్ది కాలిపోయింది, 45 మంది లోపలే మిగిలారు. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్ మంటల్లో 9 మంది, 2025 ఫిబ్రవరి 22న ఎస్సెల్బీసీ టన్నెల్ కూలి 8 మంది మజ్దూర్లు. ఒక్కొక్కటీ వేరే మజ్మూన్‌కు తగినంత ఉంది కాబట్టి ఇక్కడ పేర్లతో ఆపుతున్నాను.

చెరువుల దగ్గరికి మళ్లీ వస్తే, కట్ట వానతోనే తెగుతుందనుకోవడం కూడా పాత లెక్కే అయిపోయింది. వనపర్తి సంస్థానం రాజా కాలంలో మొదలై, తనంత తానే నీళ్లు వదిలే సైఫన్‌లతో మశ్‌హూర్ అయిన సరళాసాగర్ కట్ట 2019 డిసెంబర్ 31న తెగింది. డిసెంబర్‌లో వాన ఎక్కడిది? ఎత్తిపోతల నీళ్లతో చాలా ఏళ్ల తర్వాత నిండింది. ఏళ్ల తరబడి ఎండిన మట్టి కట్టలో పగుళ్లు, చెట్ల వేళ్లు, బొక్కలు ఉంటాయి. ఒక్కసారి నిండుగా నీళ్లు పెడితే అది తట్టుకోలేదు. ప్రాణనష్టం లేకుండా పోయింది, అల్‌హమ్దులిల్లాహ్. అదే ఏడాది అక్టోబర్‌లో మూసీ ప్రాజెక్టు గేటు ఒకటి కొట్టుకుపోయింది. మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువులు బాగుచేస్తామని పూడిక తీశారు, నీళ్లు వచ్చాయి, చేపలు వచ్చాయి. ఇది పెద్ద ఖిద్మతే. కానీ నిండిన చెరువుకు నీరడి కావాలి. చేపలు పోకుండా మత్తడికి జాలీ కట్టేవాళ్లు, ఇంకొంచెం నీళ్లు ఆపుదామని మత్తడి మీద ఇసుక బస్తాలు పెట్టేవాళ్లు, శిఖం పొలం మునుగుతుందని రాత్రి కట్టకు గండి కొట్టేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. ఈ ముగ్గురిలో ఎవరు ఆ రాత్రి కట్ట మీద ఉన్నారో తెలియకుండా కలెక్టరేట్‌లో ఎంత మంచి మ్యాప్ ఉన్నా నాఖాఫీ.

పట్నంలో ఇదే కిస్సా 2020 అక్టోబర్‌లో చూశాం. పల్లె చెరువు తెగి అల్ జుబైల్ కాలనీ, గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబానగర్ మునిగాయి. మన ఖాందాన్లలో చాలామందికి అక్కడ రిష్తేదార్లు ఉన్నారు, ఈద్‌కు పోయిన ఇళ్లున్నాయి. 111 ఏళ్ల కింద విశ్వేశ్వరయ్య రాసిన మాటే మళ్లీ చదివినట్టయింది. ఆ నీళ్లు మూసీలో పడి కిందికొచ్చాయి. వలిగొండ మండలంలో సంగెం దగ్గరి లోలెవల్ వంతెన మూసీ లేచినప్పుడల్లా మునిగి దారి బంద్ అవుతుంది.

2016 అక్టోబర్‌లో జిల్లాలు విడగొట్టాక ఈ పని ఇంకో మలుపు తిరిగింది. పాత నల్లగొండ మూడు జిల్లాలైంది, పాత మహబూబ్‌నగర్ ముక్కలై చివరికి నారాయణపేటతో కలిపి ఐదైంది. దవాఖానాకు, కచేరికి దూరం తగ్గింది, జనానికి ఆరామ్. వాగు మాత్రం జిల్లా హద్దు చూడదు. ఇప్పుడు వలిగొండ యాదాద్రి భువనగిరిలో ఉంది, కింద మూసీ ప్రాజెక్టు సూర్యాపేట వైపు. ఒకే వరదకు ఇద్దరు ముగ్గురు కలెక్టర్లు, ఇద్దరు ముగ్గురు ఎస్పీలు, వేర్వేరు వాట్సాప్ గ్రూపులు. ప్లాన్ రాసేవాళ్లకు ఇప్పుడు పక్క జిల్లా మనిషి నంబర్ తెలిసి ఉండటం తమ జిల్లా మ్యాప్ తెలిసి ఉన్నంత జరూరీ.

ఆ నంబర్ల బుక్కులో నాకు తెలిసి సర్పంచ్, పోలీస్, ఏఎన్ఎం ఉంటారు. మస్జిద్ కమిటీ సదర్ నంబర్, గుడి మైక్ నడిపే మనిషి నంబర్, తండా నాయక్ నంబర్ కూడా ఉండాలి. దేవరకొండ వైపు తండాల్లో ఎలాన్ లంబాడీలో చెప్తే పిల్లలూ ముసలోళ్లూ లేస్తారు. రంజాన్‌లో తెల్లవారుజాము నాలుగింటికి ఊళ్లో అందరికంటే ముందు మేల్కొని ఉండేది సెహ్రీ వండే ఆడవాళ్లూ, మైక్ దగ్గర కూర్చున్న మోజన్ సాబూ. కరెంట్ పోతే మైక్ పనిచేయదు, అందుకు ఒక బ్యాటరీ పెట్టుకోవడం వంద రకాల చందాల్లో చిన్న చందా. మన సదఖా ముసీబత్ వచ్చాక బిర్యానీ డేగ్‌ల రూపంలో బాగానే పోతుంది. రాకముందు తాడుకు, టార్చ్‌కు, బ్యాటరీకి పోదు. ఎందుకో మరి.

2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబర్ 1 తెల్లవారే నడుమ మహబూబాబాద్ జిల్లాలో వలిగొండ సీన్ హూబహూ మళ్లీ వచ్చింది. కేసముద్రం, ఇంటికన్నె నడుమ వరద పట్టాల కింది మట్టిని, కంకరను ఊడ్చుకుపోయింది. పట్టాలు గాల్లో వేలాడాయి. ఆ ఫొటో అందరి ఫోన్లకూ వచ్చింది. అదే చీకటి, అదే వాన, అదే లైన్ మీద వస్తున్న రైళ్లు. ఈసారి గస్తీలో ఉన్న రైల్వే సిబ్బంది నీళ్లు పట్టాల మీదికి ఎక్కడం చూసి స్టేషన్‌కు ఖబర్ పంపారు. రైళ్లను వెనకాలే ఆపేశారు. లోపల ఉన్న వేలమంది ముసాఫిర్లు గంటల తరబడి బోగీల్లో కూర్చొని విసుక్కున్నారు, నీళ్లు లేవని, టీ లేదని రైల్వేను తిట్టుకున్నారు. తర్వాత బస్సులెక్కి ఇళ్లకు పోయారు.